కోనసీమలో ఆకూ అలమూ చూడాలంటే ఎక్కడ దిగాలి

కోనసీమ అనగానే దిండి, హౌస్‌బోటు, అంతర్వేది అని లిస్టు చదివేస్తారు కదా, మేం మాత్రం పెరటి ఆకుకూరలూ మందు మొక్కలూ చూద్దామనే వెళ్లాం, కాబట్టి నా మార్కులు కాస్త తేడాగా ఉంటాయి.

ముందు దిగిన రిసార్ట్‌లో గోదారి వ్యూ సూపరే, ఏసీకి వంక పెట్టలేం, కానీ పనసపొట్టు కూర అడిగితే ముందురోజే చెప్పాలండి అన్నారు, మెనూ నిండా పనీరూ మంచూరియానూ, లాన్ చుట్టూ క్రోటన్లు. ఫొటోలకైతే ఓకే.

తర్వాత రాజోలు వైపు ఒక ఇంట్లో గది తీసుకున్నాం, ఫ్యానే, బాత్రూమ్ బయట, వేడినీళ్లు బకెట్లో, అయినా నా ఓటు దీనికే. పిన్నిగారు పొద్దున్నే కొబ్బరితోటలోకి తీసుకెళ్లి బోదె గట్టున పొన్నగంటి, నేలమీద పాకే గలిజేరు, కంచెకి అల్లుకున్న నల్లేరు చూపించారు. నల్లేరు లేత కణుపులే తుంచాలట, చేతికి నూనె రాసుకుని ఈనెలు తీసి, బాగా వేయించి చింతపండు వేసి పచ్చడి చేశారు, అబ్బ! నల్లేరు ముట్టుకుంటే వచ్చే దురదంతా అందులో ఉండే సన్నటి కాల్షియం ఆక్సలేట్ సూదుల వల్లే, కందలోనూ అదే గొడవ, అందుకే కందబచ్చలికి పులుపు తగలాల్సిందే. "ఇరిగిన ఎముక అతుక్కుంటాదండి బాబూ" అన్నారావిడ నల్లేరు గురించి. పచ్చడి లాగించండి గానీ కట్టు కట్టించుకోవడం మాత్రం మానకండి. గలిజేరు పప్పు కూడా బావుంది, కిడ్నీ జబ్బుకి మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా రోజూ తినొద్దు.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవికి తప్పకుండా వెళ్లండి, 1978 నుంచీ అభయారణ్యం, చెక్కబాట మీద నడుస్తూనే చాలా కనపడతాయి. పాటు టైములో, అంటే సముద్రపు నీళ్లు వెనక్కి తీసినప్పుడు, వెళ్తే మడచెట్ల ఊపిరివేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి లేచి ఉంటాయి, పోటులో అవన్నీ నీళ్లకింద, బోటు షికారుకి మాత్రం నీళ్లుండాలి, రెండూ ఒకేసారి కుదరవు. ఆ మడలోనే ఉండే తిల్లచెట్టు కొమ్మ విరవొద్దు, దాన్నుంచి కారే పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. తీరంలో ఉప్పునేలల్లో పెరిగే ఇలకూర వండుకుంటారు, ఆకులోనే ఉప్పుంటుంది కాబట్టి ఉప్పు చూసుకుని వేసుకోవాలి. అభయారణ్యంలో మాత్రం ఏదీ కోయకండి.

కడియం నర్సరీలు చూడ్డానికి రంగులరంగులే, కానీ ఎక్కువ అలంకారం మొక్కలే, నాటువి కావాలంటే పేరుపెట్టి అడగాలి.

వానలు పడ్డాక వెళ్తే ఆకు బాగా దొరుకుతుంది. గది బుక్ చేసేముందు ఏసీ ఉందా అని కాదు, పెరట్లో ఏముంది, వంట ఎవరు చేస్తారు అని అడగండి.