శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో ఉచిత నావికా పటాలు: నాలుగేళ్ళు వాడాక

సంగమేశ్వరం దాటి కాస్త దూరం వెళ్ళామో లేదో బోటు అడుగున గరగరమంది. మోటారు ఎత్తి చూస్తే ప్రొపెల్లర్ రెక్క ఒకటి విరిగిపోయింది. పైన నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కిందేమో ముంపులో పోయిన ఊరి మొండిగోడ. పుట్టిలో వచ్చి మమ్మల్ని ఒడ్డుకు చేర్చిన పెద్దాయన, "ఎండాకాలంలో వచ్చి ఈడంతా ఒకసారి నడిచి చూసిపో నాయనా, అప్పుడు తెలుస్తాది" అన్నాడు. కర్నూలు వచ్చిన రాత్రే పటాల కోసం వెతకడం మొదలుపెట్టాను.

మొదట దొరికింది ఓపెన్‌సీపీఎన్ అనే నావికా పటాల సాఫ్ట్‌వేర్. ల్యాప్‌టాప్‌లో పూర్తిగా ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. జీపీఎస్ తగిలిస్తే పటం మీద మన బోటు కదులుతూ కనిపిస్తుంది, వచ్చిన దారి గీతలా మిగులుతుంది. నాలుగేళ్ళుగా దాన్నే వాడుతున్నాను, మార్చాలని ఎప్పుడూ అనిపించలేదు. కాకపోతే పటాలు మనమే తెచ్చి పెట్టుకోవాలి. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా తమ తీరం ఎలక్ట్రానిక్ పటాలన్నీ ఉచితంగా ఇస్తుంది. మన తీరానివి డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం తయారుచేస్తుంది, వాటిని కొనుక్కోవాలి. కొన్నా అవి సముద్రానివి, మన డ్యాముకు పనికిరావు.

అయినా నోవా పటాలు దించుకోమనే చెబుతాను. పటం చదవడం నాకు వచ్చింది వాటితోనే. అందులోని లోతు అంకె ఈరోజు ఉన్న నీటిది కాదు. రోజూ వచ్చే ఆటుల్లో బాగా దిగిన మట్టాల సగటు తీసి, అక్కడి నుంచి కిందికి లెక్కేస్తారు. పాత పటాల్లో లోతు ఫాథమ్‌లలో ఉంటుంది, అంటే ఆరడుగులు. మన పుట్టివాళ్ళు చేతులు చాచి తాడు కొలిచే 'బార' కూడా దాదాపు అంతే.

ఓపెన్‌సీమ్యాప్ కూడా చూశాను. ఔత్సాహికులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద బోయాలు (నీటి మీద తేలే దారి గుర్తులు), దీపాలు గుర్తుపెట్టే పటం అది. యూరప్ రేవులకు బాగుంది, మనవైపు ఖాళీ.

నాకు నిజంగా దారి చూపింది సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు. కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే ఉచితం, అయిదు రోజులకొకటి వస్తుంది. శ్రీశైలం పూర్తి మట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. రోజువారీ మట్టం పేపర్లో వస్తుంది కదా. మట్టం 840 ఉన్న రోజు చిత్రంలో నీటి అంచు ఎక్కడుందో, అదే 840 అడుగుల గీత. 850 ఉన్న రోజుది ఇంకో గీత. ఇలా వేసవి చిత్రాలు నాలుగైదు తీసుకుని పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో అంచులు గీసి, ఎంబీటైల్స్ అనే పటం ఫైలుగా మార్చి ఓపెన్‌సీపీఎన్‌లో పెట్టుకున్నాను. ఈరోజు మట్టం 870 అయితే 840 గీత మీద ముప్పై అడుగులు, అంటే అయిదు బారలు. తాడుకు రాయి కట్టి చాలాచోట్ల దించి చూశాను. ఒండ్రు చేరిన చోట ఒకటి రెండడుగులు తగ్గింది తప్ప లెక్క సరిపోయింది. ఆ అంకె మొదటిసారి కలిసినప్పుడు పడిన సంతోషం ఇంతా అంతా కాదు.

వానాకాలంలో మబ్బులు పట్టి చిత్రాలు దొరకవు, అందుకే ఏప్రిల్, మే నెలల్లోనే పని ముగించుకోవాలి. అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటుంది. ఆ చిత్రంలో ఒక్కో చుక్క పది మీటర్లు. ఒడ్డు తెలుస్తుంది గాని గోడ కనబడదు. నా రెక్క విరిచిన గోడ ఏ చిత్రంలోనూ లేదు.

అందుకే పోయిన వేసవిలో పెద్దాయన మాట ప్రకారం నడిచాను. బీటలు వారిన ఒండ్రు మీద ఫోన్ పట్టుకుని గోడ గోడకూ ఆగి గుర్తు పెట్టాను. నీళ్ళు నిండాక ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి ఆయనకు చూపిస్తే, తెర మీద వేలు పెట్టి, "ఈ గోడ పక్కన చింతమొద్దు ఉంటాది, అది ఏసుకోలేదే" అన్నాడు. అక్కడే కూర్చుని దాన్నీ వేశాను.