షెన్‌జెన్ నుంచి హైదరాబాద్‌కు పీసీబీలు: కొరియరా, ఎయిర్ కార్గోనా, డ్యూటీ కలిపిన లైనా?

షెన్‌జెన్ ఫ్యాక్టరీల్లో 100 మి.మీ. చదరపు రెండు పొరల సర్క్యూట్ బోర్డులు (పీసీబీలు) ఐదు వేయించుకుంటే బోర్డుల ధర కొద్ది డాలర్లే. వాటిని మన గుమ్మం దాకా తెచ్చే ఖర్చు దానికి ఎన్నో రెట్లు. అందుకే ఆర్డర్ పేజీలో అందరి కన్నూ రవాణా చార్జీ మీదే పడుతుంది, అన్నిటికంటే తక్కువది నొక్కేస్తారు. చూడాల్సింది అది కాదు. సరుకు వచ్చాక బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) మీ పేరున, మీ జీఎస్టీ నంబరుతో చేతికి వస్తుందా? ఏ సేవకు ఎన్ని మార్కులు వేయాలో తేల్చేది ఆ ఒక్క కాగితమే. చిన్న స్టార్టప్పులకూ, కాలేజీ ప్రాజెక్టు బృందాలకూ, వందల్లో బోర్డులు తెప్పించే వర్క్‌షాపులకూ ఈ లెక్కలో పెద్దగా తేడా లేదు.

ముందు బరువు సంగతి. 1.6 మి.మీ. మందం ఎఫ్ఆర్4 (గాజు నార, ఎపాక్సీల పలక) బోర్డు చదరపు మీటరుకు మూడు కిలోల పైన తూగుతుంది. అంటే 100 మి.మీ. చదరపు బోర్డు ఒక్కోటి 30 నుంచి 35 గ్రాములు. వంద బోర్డులైతే ప్యాకింగ్ కాకుండా మూడు కిలోల పైచిలుకు. ఉత్త బోర్డులు పలకల్లా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి కాబట్టి బరువుకే డబ్బు కడతారు. పార్టులు ఎక్కించిన బోర్డులు అలా కాదు. ఒక్కోదానికీ బబుల్ ర్యాప్, మధ్యలో ఫోమ్ పెట్టేసరికి పెట్టె ఉబ్బుతుంది. డీహెచ్‌ఎల్, ఫెడెక్స్ పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. 40×30×25 పెట్టె అంటే 6 కిలోలు. లోపలి సరుకు 3.2 కిలోలే ఉన్నా 6 కిలోలకే బిల్లు. మామూలు ఎయిర్ కార్గోలో భాగించేది 6,000తో, అదే పెట్టె అక్కడ 5 కిలోలు. అసెంబ్లీ ఆర్డర్ ఖరారు చేసేముందు పెట్టె కొలతలు అడిగి రాయించుకోండి. వీలైతే బోర్డులను ప్యానెల్‌గానే (చాలా బోర్డులు కలిసి ఉన్న పలకగానే), విడగొట్టకుండా పంపమనండి. పెట్టె గణనీయంగా తగ్గుతుంది, విడగొట్టే పని ఇక్కడ పది నిమిషాలు.

ఎక్స్‌ప్రెస్ కొరియర్‌కే మా మొదటి ఓటు, దాదాపు 20 కిలోల లోపు సరుకుకు. కస్టమ్స్‌లో ఎక్కడా ఆగకపోతే వారం లోపే వస్తుంది. కొరియర్ కంపెనీయే కస్టమ్స్ పని చేసి, సుంకం ముందుగా తానే కట్టి, తర్వాత మీ దగ్గర వసూలు చేస్తుంది. విలువ లక్ష రూపాయల లోపైతే సీబీఈ-13 ఫారం, దాటితే సీబీఈ-14 వేస్తారు. ముందుగా కట్టినందుకు ఒక సేవా రుసుం, దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. చిన్న ఆర్డర్లలో ఈ రుసుం ఒక్కోసారి సుంకం కంటే ఎక్కువే అవుతుంది. కంపెనీ పేరున కొరియర్ దగ్గర ఖాతా తెరిచి, సుంకం వాళ్ల ఆన్‌లైన్ పేజీలో మీరే కట్టే ఏర్పాటు ఉందో అడగండి.

ఇక్కడ సరుకు ఆగేది ఎక్కువగా కేవైసీ దగ్గరే. వ్యక్తిగత వాడకమైతే గుర్తింపు, చిరునామా పత్రాలు చాలు. వ్యాపారం, తయారీ కోసమైతే ఐఈసీ (దిగుమతి-ఎగుమతి నంబరు) కావాలి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) సైట్లో పాన్ ఆధారంగా 500 రూపాయల ఫీజుతో ఆ నంబరు వస్తుంది, ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు దాన్ని అప్‌డేట్ చేయాలి. మరిచిపోతే నంబరు పనిచేయడం ఆగిపోతుంది. ఆ సంగతి తెలిసేది సరుకు విమానాశ్రయంలో దిగాకే. ఇన్వాయిస్ మీది పేరు, ఐఈసీలోని పేరు, జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లోని పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. చైనా సైట్లో ఖాతా మీ సొంత పేరున తెరిచి, చిరునామాలో కంపెనీ పేరు పెడితే బిల్ ఆఫ్ ఎంట్రీ మీ సొంత పేరున తయారవుతుంది. జీఎస్టీ నంబరు అందులోకి ఎక్కదు, ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని మీ పన్నులో తగ్గించుకునే వీలు) పోయినట్టే. ఆర్డర్ పెట్టిన రోజే కేవైసీ పత్రాలు కొరియర్ సైట్లో ఎక్కించేయండి. ట్రాకింగ్‌లో ‘క్లియరెన్స్ ఈవెంట్’ (కస్టమ్స్‌లో ఏదో ఆగిందన్న సూచన) కనిపించిందంటే గంటల్లోనే మెయిల్ చూడాలి, స్పామ్ ఫోల్డరు సహా.

సుంకం లెక్క ఒకసారి చేతితో వేసుకుంటే ఏ సేవ ఎంత పడుతుందో తెలుస్తుంది. మదింపు విలువ (కస్టమ్స్ సుంకం లెక్కకు తీసుకునే విలువ) 10,000 రూపాయలు, మూల సుంకం 10 శాతం అనుకుందాం. మూల సుంకం 1,000. దాని మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి 100. మొత్తం 11,100 మీద 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) 1,998. కట్టేది 3,098. ఇందులో 1,998 క్రెడిట్‌గా తిరిగి వస్తుంది, 1,100 రాదు. మూల సుంకం ఎంతన్నది హెచ్ఎస్ కోడును (సరుకుల వర్గీకరణ నంబరును) బట్టి. ఉత్త బోర్డు 8534 కిందకు వస్తుంది. పార్టులు ఎక్కించిన బోర్డు ఏ యంత్రంలో పనిచేస్తుందో దాన్ని బట్టి వేరే కోడు, వేరే రేటు. ఇన్వాయిస్‌లో ‘ఎలక్ట్రానిక్ పార్ట్స్’ అని రాసి వదిలేస్తే కొరియర్ మనిషి తనకు తోచిన కోడు వేస్తాడు. ‘పార్టులు లేని ఉత్త ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు, 8534’ అని రాయించండి. ఆ చిన్న వాక్యం సుంకం మొత్తాన్నే మార్చగలదు.

చాలామంది గమనించనిది ఇంకొకటి. విమానంలో వచ్చే సరుకుకు మదింపు విలువలో కలిపే రవాణా ఖర్చు, సరుకు ఎఫ్ఓబీ విలువలో (రవాణా, బీమా కలపని ధరలో) 20 శాతం మించకూడదు. 2007 నాటి కస్టమ్స్ విలువ నిర్ణయ నిబంధనల్లో ఉన్న మాట ఇది. బోర్డులు 50 డాలర్లు, కొరియర్ 35 డాలర్లు అయితే కలపాల్సింది 10 డాలర్లే. బీమా ఖర్చు తెలియకపోతే 1.125 శాతం, అంటే 56 సెంట్లు. మదింపు విలువ దాదాపు 60.56 డాలర్లు, 85 కాదు. రవాణా ధర సరుకు ధరను మింగేసే ప్రోటోటైప్ ఆర్డర్లలో ఇది చిన్న తేడా కాదు. ఇన్వాయిస్‌లో సరుకు ధర, రవాణా ధర వేర్వేరు వరుసల్లో ఉంటేనే ఈ లెక్క సాధ్యం. బిల్ ఆఫ్ ఎంట్రీ రాగానే అందులో రవాణా ఖర్చు గడి చూడండి.

విలువ తగ్గించి రాయమని ఫ్యాక్టరీని అడగడం మాత్రం వద్దు. కస్టమ్స్ అధికారి చెల్లింపు రుజువు అడిగితే బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకటి, ఇన్వాయిస్ ఒకటి చెబుతాయి. సరుకు జప్తు, జరిమానా రెండూ చట్టంలో ఉన్నాయి. ‘గిఫ్ట్’ అని రాయించడమూ పనికిరాదు. 5,000 రూపాయల లోపు బహుమతులకు ఉన్న మినహాయింపు 2019 డిసెంబరులోనే పోయింది.

ఇక డ్యూటీ కలిపిన లైన్లు. కిలోకు ఇంత అని ఒకే ధర, గుమ్మం దాకా, పన్నులు అన్నీ వాళ్లవే. డీడీపీ అంటారు. వినడానికి హాయిగా ఉంటుంది, హాబీగా ఒకటీ రెండూ తెప్పించుకునేవారికి సరిపోవచ్చు కూడా. వ్యాపారానికి మాత్రం మా మార్కులు చాలా తక్కువ. ఇలాంటి ఏజెంట్లలో చాలామంది అనేకమంది సరుకు ఒకే మూటగా కట్టి, మరెవరో దిగుమతిదారు పేరున దించుతారు. మీ పేరున బిల్ ఆఫ్ ఎంట్రీ ఉండదు. ఐజీఎస్టీ క్రెడిట్ రాదు. కంపెనీ బ్యాంకు ద్వారా విదేశానికి డబ్బు పంపి ఉంటే, దిగుమతి చెల్లింపులను గమనించే రిజర్వు బ్యాంకు ఐడీపీఎంఎస్ వ్యవస్థలో ఆ చెల్లింపుకు ఎదురుగా బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించాలి. చూపించలేకపోతే ఆ ఎంట్రీ తెరిచే ఉండిపోతుంది, తర్వాతి చెల్లింపులకు బ్యాంకు ప్రశ్నలు వేస్తుంది. మూటలో మరొకరి సరుకు పట్టుబడితే మీ బోర్డులూ దానితోపాటే ఆగుతాయి, విడిపించమని అడిగే హక్కు కాగితం మీద మీకు లేదు. ‘బిల్ ఆఫ్ ఎంట్రీ మా ఐఈసీ మీద వేస్తారా?’ అని రాతపూర్వకంగా అడగండి. జవాబు నసిగితే అక్కడితో వదిలేయండి.

సరుకు 45 కిలోలు దాటాక ఫార్వర్డర్ (సరుకు రవాణా ఏజెంటు) ద్వారా ఎయిర్ కార్గోకు మారడం లాభం. విమాన సంస్థల రేట్ల పట్టికలో 45, 100, 300 కిలోల దగ్గర ధర మెట్లు మెట్లుగా తగ్గుతుంది. 42 కిలోలు ఉన్నప్పుడు 45 కిలోల రేటుకు కట్టడమే చవక కావచ్చు. శంషాబాద్ విమానాశ్రయానికే నేరుగా తెప్పించుకోవచ్చు, చెన్నైలోనో ముంబైలోనో దించి రోడ్డు మీద తెచ్చుకునే అవసరం లేదు. అయితే ఫార్వర్డర్ ఇచ్చే మొదటి కొటేషన్ సగం కథే. డెలివరీ ఆర్డర్ (సరుకు విడుదల పత్రం) చార్జీ, టెర్మినల్ హ్యాండ్లింగ్, కస్టమ్స్ బ్రోకర్ ఫీజు, స్థానిక లారీ, వీటన్నిటినీ విడివిడిగా రాయించుకోండి. ఫ్యాక్టరీ గేటు దగ్గరి నుంచి మీరే చూసుకునే ఈఎక్స్‌డబ్ల్యూ కంటే, చైనా వైపు ఎగుమతి పని వాళ్లే పూర్తిచేసే ఎఫ్‌సీఏ కొత్తవారికి నయం. చిత్తు ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు విమానం ఎక్కకముందే బ్రోకర్‌కు పంపి, బిల్ ఆఫ్ ఎంట్రీ ముందే వేయించాలి. గడువు దాటితే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయల ఆలస్య రుసుం పడుతుంది. గోదాము అద్దె దీనికి అదనం.

ఓడ మార్గం బోర్డులకు అక్కర్లేదు. రేకు డబ్బాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, ప్లాస్టిక్ కేసులకు పనికొస్తుంది. ఇతరులతో పంచుకునే కంటైనర్‌లో ఒక ఘనమీటరు కనీస చార్జీ, నెల దాకా ఓపిక.

ఏ మార్గంలో వచ్చినా కొన్ని వస్తువులు ఆగుతాయి. వైఫై, బ్లూటూత్ రేడియో ఉన్న బోర్డుకు టెలికాం శాఖ డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ (పరికరానికి ఆమోదం) ధ్రువపత్రం అడుగుతారు. ఈఎస్‌పీ32 లాంటి వైఫై మాడ్యూల్ వాడే డిజైన్ అయితే ఆ స్థానం ఖాళీగా ఉంచి మిగతా పార్టులు అక్కడ ఎక్కించి, మాడ్యూల్ ఇక్కడి డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొని అతికించుకోవడం తేలిక. చిన్న సంఖ్యలకు ఇదే ఉత్తమం. అడాప్టర్లు, లిథియం సెల్స్‌కు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉండాలి. డ్రోన్ మొత్తంగా గానీ, విడగొట్టిన కిట్‌గా గానీ దిగుమతి 2022 ఫిబ్రవరి 9 నుంచి నిషిద్ధం, విడిభాగాలకు ఆ నిషేధం లేదు. కాబట్టి ఫ్లైట్ కంట్రోలర్ బోర్డును ఇన్వాయిస్‌లో ‘డ్రోన్ కిట్’ అని రాయనివ్వకండి.

లిథియం బ్యాటరీ మరో తలనొప్పి. విడి లిథియం అయాన్ బ్యాటరీలు 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వెళ్లవు. కార్గో విమానంలోనూ 30 శాతానికి మించి చార్జ్ ఉండకూడదు, యూఎన్38.3 (లిథియం బ్యాటరీల రవాణా భద్రత) పరీక్ష సారాంశం చూపాలి. కొరియర్లు ముందస్తు అనుమతి లేకుండా తీసుకోవు. బ్యాటరీ లేకుండా తెప్పించి ఇక్కడ బిగించుకుంటే రవాణా కూడా చవక.

అమెరికాలోని మనవాళ్లు అక్కడికి బోర్డులు తెప్పించేటప్పుడు పాత అలవాటు మానుకోవాలి. 800 డాలర్ల లోపు సుంకం లేదన్న వెసులుబాటు చైనా, హాంగ్‌కాంగ్ సరుకుకు 2025 మే 2న, మిగతా దేశాలన్నిటికీ అదే ఏడాది ఆగస్టు 29న ముగిసింది.

తేదీల విషయం. చైనా కొత్త సంవత్సరానికి ఫ్యాక్టరీలు వారం నుంచి మూడు వారాలు మూతపడతాయి. దానికి ముందు రెండు వారాలు ఆర్డర్లు, విమానాలు రెండూ కిక్కిరిసి ఉంటాయి. అక్టోబరు మొదటి వారం కూడా సెలవులే. ఆంధ్ర, తెలంగాణల్లోని చిన్న ఊళ్లకైతే మీ పిన్ కోడు కొరియర్ వారి ‘రిమోట్ ఏరియా’ జాబితాలో ఉందో చూడండి. ఉంటే అదనపు రుసుం పడుతుంది. దగ్గరి పట్టణంలో కొరియర్ ఆఫీసుకు వెళ్లి తెచ్చుకోవడం మేలు.

బీమాకు డబ్బు పెట్టండి. విమాన రవాణాలో సరుకు పోతే వాహకుడి బాధ్యత మాంట్రియల్ ఒప్పందం కింద కిలోకు 26 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ లెక్కల యూనిట్లు), అంటే సుమారు మూడు వేల రూపాయలు. రెండు లక్షల విలువైన అసెంబుల్డ్ బోర్డులు కిలో బరువే ఉంటే మీకు దక్కేది ఆ మూడు వేలే. దెబ్బతిన్న సరుకు మీద రాతపూర్వక ఫిర్యాదు అందిన 14 రోజుల్లోపు చేరాలి, అందుకని పెట్టె వచ్చిన రోజే తెరవండి. తెరిచే ముందు నాలుగు వైపులా ఫొటో, బరువు ఒకసారి తూచి రాసుకోవాలి. లోపల వాక్యూమ్ కవరు గాలి పీల్చి వదులైందా, తేమ సూచిక కార్డు రంగు మారిందా చూడండి. ఎంఎస్ఎల్ 3 (తేమకు సున్నితత్వంలో మూడో స్థాయి) పార్టులు కవరు తెరిచాక 168 గంటలే నిలుస్తాయి. కార్డు రంగు మారితే టంకం వేయకండి, పార్టుల తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రతకు బేక్ చేశాకే ఓవెన్‌లోకి పంపండి.