కైకలూరు చేపపిల్లలు మన చెరువులకు పనికొస్తాయా? నర్సరీల సరఫరాపై సమీక్ష

తెలంగాణలో మత్స్య సహకార సంఘాలు చెరువుల్లో వదిలే పిల్లలు చాలావరకు ఆంధ్రప్రదేశ్‌లో కొల్లేరు సరస్సు చుట్టుపక్కల కైకలూరు వైపు నర్సరీల నుంచే వస్తాయి. పిల్లల్ని పెంచడంలో అక్కడివాళ్ల చేతికి వంక పెట్టలేం. హేచరీలో స్పాన్ (గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్ల) తీయడం, నర్సరీలో దాన్ని ఫ్రై (చిన్నపిల్ల) దశకు పెంచడం, ఫింగర్లింగ్ (వేలెడంత పిల్ల) దాకా తేవడం వాళ్లకు నిత్యం చేసే పని. ఇబ్బందంతా లారీ ఎక్కించే దగ్గర మొదలై చెరువు గట్టు మీద దింపే దగ్గర ముగుస్తుంది. సైజు, లెక్క, రకాల పాళ్లు, దింపే పద్ధతి: ఈ నాలుగింటిలో కొనేవాళ్లు గట్టిగా నిలబడితే ఇది మంచి సేవ. నిలబడకపోతే డబ్బు నీళ్లలో పోసినట్టే.

ముందు సైజు సంగతి, ఎందుకంటే ఫలితాన్ని తేల్చేది అదే. నర్సరీలు రెండు సైజులు అమ్ముతాయి: 35-40 మి.మీ., 80-100 మి.మీ. 2016-17లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకం కూడా ఈ రెండింటినే పెట్టుకుంది. వానాకాలం చెరువులకు చిన్నవి, ఏడాదంతా నీళ్లుండే వాటికి పెద్దవి. కాగితం మీద బాగానే ఉంది. కానీ మన చెరువుల్లో లోతు తక్కువ, అంచుల్లో తుంగ, నాచు ఎక్కువ, కొర్రమీను, మట్టగిడస, వాలుగ, జెల్ల ఎప్పుడూ ఉండేవే. అడుగంటిన చెరువులో కూడా కొర్రమీను, మట్టగిడస బురదలో ప్రాణం నిలుపుకుని, తొలకరికి మళ్లీ తేలతాయి. పావుకిలో కొర్రమీనుకు నాలుగు సెంటీమీటర్ల పిల్ల ఒక్క గుటక. పైనుంచి నీటికాకులు. అదే పది సెంటీమీటర్ల పిల్లను పట్టడం చిన్న కొర్రమీనుకు కష్టం.

లెక్క వేసి చూద్దాం. పదివేల చిన్నపిల్లలు వేస్తే నూటికి ఇరవై బతికాయనుకుందాం, రెండు వేలు మిగులుతాయి. నాలుగు వేల పెద్దపిల్లలు వేస్తే నూటికి అరవై బతికినా రెండు వేల నాలుగొందలు. పెద్దపిల్ల ధర రెండున్నర రెట్లున్నా ఖర్చు సమానమే, పైగా ఆ చేప రెండు నెలలు ముందే తూకానికి వస్తుంది. ఫిబ్రవరి, మార్చిల్లో నీళ్లు తగ్గిపోయే చెరువుకు ఆ రెండు నెలలే లాభం. అందుకే మేము చెప్పేది పథకం పద్ధతికి తలకిందులు: తొందరగా ఎండే చెరువుకే పెద్దపిల్ల ఎక్కువ అవసరం.

చిన్నపిల్ల పనికొచ్చే చోటు ఒకటుంది. చెరువు పూర్తిగా ఎండి, పగుళ్లు తేలి, కొత్త నీరొచ్చిన మొదటి రెండు మూడు వారాల్లో వేటాడే చేపలు తక్కువ. అప్పుడు వేయొచ్చు. లేదా చిన్నవి కొని, చెరువులోనే ఒక మూల హాపా (సన్నకన్నాల వలతో కుట్టిన తొట్టి) కట్టి, సన్నగా జల్లించిన తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్లలో రోజూ వేసి రెండు నెలలు పెంచి వదలొచ్చు. హాపా కన్నం నాచుతో మూసుకుంటే లోపల ఆక్సిజన్ పడిపోతుంది. నాలుగైదు రోజులకోసారి బ్రష్‌తో రుద్దక తప్పదు.

ఇక లెక్కింపు. ఇక్కడే ఎక్కువ నష్టం. జల్లెడ కప్పుతో ముంచి, కప్పుకు ఇన్ని అని లెక్కగట్టడం పద్ధతి. పద్ధతి సరైనదే, చేసే తీరు చూడాలి. కప్పులో నీళ్లు ఒడవకుండానే గంపలో పోస్తే ప్రతి కప్పుకూ కొన్ని పిల్లలు తగ్గుతాయి. మొదటి కప్పు ఒక్కటే లెక్కపెట్టి మిగతావన్నీ అంతే అనుకోవద్దు. మొదట్లో ఒకటి, నడుమ ఒకటి, చివర ఒకటి ఎన్నుకుని, ఒక్కొక్కటిగా లెక్కించి సగటు తీయాలి. లారీ ట్యాంకులో పైనా అడుగునా పిల్లలు ఒకేలా ఉండకపోవచ్చు కాబట్టి మూడో కప్పులోనే అసలు రంగు తెలుస్తుంది. అదే మూడో కప్పు నుంచి ఇరవై పిల్లల్ని స్కేలు మీద పెట్టి, ముట్టె నుంచి తోక చివర దాకా కొలవండి. 80 అని బిల్లు వేసిన దాంట్లో 60 మి.మీ. పిల్లలు నాలుగో వంతు దాటితే ధర తగ్గించమని గట్టిగా అడగండి.

ఆరోగ్యం చూడడానికి వెడల్పు బేసిన్ చాలు. నీళ్లను చేత్తో గుండ్రంగా తిప్పితే మంచిపిల్ల ఎదురీదుతుంది, నీరసంగా ఉన్నది నడుమకు కొట్టుకుపోతుంది. తల పెద్దగా, ఒళ్లు సన్నగా, పొట్ట లోపలికి పోయినవి మేత లేక మాడినవి. పొలుసు రాలినవి, దూదిలా తెల్లగా బూజు పట్టినవి వెనక్కి పంపాలి. నల్లగా, పొలుసు లేకుండా, పొడవాటి మీసాలతో ఉన్నది కనిపిస్తే దాన్ని చెరువులోకి పోనివ్వకండి. అది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కావచ్చు. దాని పెంపకాన్ని మన దేశంలో 2000లోనే నిషేధించారు, అది ఒకసారి చేరితే చెరువులో మిగతా చేపలకు దిక్కుండదు.

రవాణాలో నర్సరీలకు మంచి మార్కులే. ఎక్కించేముందు ఒక రోజు మేత ఆపి హాపాలో ఉంచే అలవాటు చాలామందికి ఉంది. అలా చేయకపోతే దారిలో నీళ్లు రెట్టతో చెడి, అమ్మోనియా పెరుగుతుంది. సంచి విప్పగానే నురగ, వాసన వస్తే అదే కారణం. పద్దెనిమిది లీటర్ల సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్, పన్నెండు గంటల ప్రయాణం అయితే 40 మి.మీ. పిల్లలు మూడొందల దాకా, 80 మి.మీ.వి నలభై మించొద్దు. అందుకే పెద్దవి ఆక్సిజన్ సిలిండర్ ఉన్న ట్యాంకు బండిలోనే వస్తాయి.

దింపడం మాత్రం చాలా సార్లు దారుణం. డ్రైవరుకు ఇంకో ఊరు ఉంటుంది, పైపు పెట్టి గుమ్మరించేస్తాడు. సంచుల్ని పావుగంట నుంచి ఇరవై నిమిషాలు చెరువు నీళ్లలో తేలనిచ్చి, మూతి విప్పి, చెంబుతో కొద్దికొద్దిగా చెరువు నీళ్లు కలిపి, పిల్లల్ని వాటంతటవే బయటికి పోనివ్వాలి. ట్యాంకు బండి అయితే ట్యాంకులోకే చెరువు నీళ్లు తోడి పోయాలి. నీటి వేడిలో తేడా తట్టుకోలేక చచ్చిన పిల్ల అప్పటికప్పుడు తేలదు, అడుగుకు పోతుంది. పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది. దీనికి మందు ఒకటే: వంద పిల్లల్ని చిన్న హాపాలో వేసి ఇరవై నాలుగు గంటలు ఉంచి, బతికినవి లెక్కపెట్టండి. డబ్బులో కొంత భాగం ఆ లెక్క తేలాకే ఇస్తామని ముందే ఒప్పుకుంటే డ్రైవరూ ఓపిగ్గా దింపుతాడు.

రకాల పాళ్లలో నర్సరీల మీద మా ఫిర్యాదు గట్టిది. కొల్లేరు వైపు పెంపకమంతా రోహు మీద నడుస్తుంది కాబట్టి వాళ్ల దగ్గర ఎప్పుడూ మిగిలేది రోహునే. అడక్కపోతే అదే పంపుతారు. మేత వేయని చెరువులో నూటికి బొచ్చె (కట్ల) 35, రోహు 35, బంగారుతీగ (కామన్ కార్ప్) 30 అనే పాళ్లు ఎండే చెరువుకు సరిపోతాయి. ఏడాదంతా నీళ్లుండే చోట బంగారుతీగ తగ్గించి మోసు (మృగాల) వేసుకోండి. బంగారుతీగ బురదను తవ్వి నాచును వేళ్లతో సహా లేపుతుంది, చెరువులోనే గుడ్లు పెట్టి పెరుగుతుంది. నీళ్లు కలకబారితే వెలుగు దిగదు, సూక్ష్మజీవులు తగ్గుతాయి, వాటి మీద బతికే బొచ్చె చిక్కిపోతుంది. హైడ్రిల్లా నాచు దట్టంగా ఉంటే ఎకరానికి పది, పదిహేను గడ్డిచేపలు చాలు. గుర్రపుడెక్కను అవి ముట్టవు. మొత్తం మీద ఎకరానికి ఎనిమిది వందల నుంచి వెయ్యి పెద్దపిల్లలు దాటించొద్దు.

మత్తడి దూకే చెరువైతే మొదటి పోటు తగ్గాకే బండి తెప్పించండి. మత్తడికి సన్నకన్నం వల కడితే చెత్త చిక్కి నీళ్లు నిలిచి కట్టకే ముప్పు. వెదురు తడికలు ఏటవాలుగా నిలిపి, వాన పడ్డప్పుడు మనిషిని కాపలా పెట్టాలి. తూముకూ అంతే. సెప్టెంబరు దాటితే వేడి రోజులు తగ్గి ఎదుగుదల మందగిస్తుంది, కాబట్టి ఆర్డరు జూన్‌లోనే ఇవ్వండి. రకం వారీగా సంఖ్య, సైజు, హాపా లెక్క షరతు మూడూ బిల్లు మీదే రాయించుకోండి.