ఆడని సీజన్‌కు కుట్టించిన జెర్సీలు

మా కళాశాల ఫుట్‌బాల్ జట్టు కోసం 2020 ఫిబ్రవరిలో తిరుపతి గాంధీ రోడ్డు వైపున్న ఒక క్రీడాసామగ్రి దుకాణంలో 18 జెర్సీలు, పెద్దల ఆటకు వాడే ఐదో నంబరు సైజు బంతులు రెండు ఆర్డరు ఇచ్చాము. మార్చి 20 నుంచి కొండపైన శ్రీవారి దర్శనాలే నిలిచిపోయాయి. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ రావడంతో, పోటీలు మొదలుకాకుండానే మా సీజన్ ముగిసింది. యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వలేనన్నారు గాని, జెర్సీలను ఏడాదికి పైగా కవర్లు విప్పకుండా భద్రపరిచి పాత ధరకే అప్పగించారు. కుట్టు గట్టిది, అయితే వీపు మీది అంకెలు మూడో ఉతుకుకే అంచుల్లో లేచి, నా 7 ఇప్పుడు 1లా కనిపిస్తోంది. 410 నుంచి 450 గ్రాముల మధ్య ఉండవలసిన బంతులు మాత్రం తూకానికి సరిగ్గా నిలిచాయి. బంతులకైతే మళ్లీ అక్కడికే వెళ్తాను, అంకెలు వేరేచోట వేయించుకుంటాను.