ఆరు పత్తి పంటలు మోసిన చార్జింగ్ పంపు

2018 వానాకాలంల కొన్న. 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్, మా దిక్కు చార్జింగ్ పంపు అంటరు. చండూరు పక్కన మాకు నాలుగెకరాల ఎర్ర చెల్క, అంతా పత్తే. ఆరు పంటలకు దీనితోనే మందు కొట్టిన. కంపెనీ పేరు రాయను. రాసినా లాభం లేదు, ఇదే ట్యాంకును రంగు మార్చి, స్టిక్కరు మార్చి వేరే పేర్లతోని కూడా అమ్ముతున్నరు.

మంచి ముందుగాల చెప్త. మా నాయిన ఇత్తడి చేతిపంపు మోసిండు. ఎడమ చేత్తోని పొద్దంతా కొట్టుడే. పొద్దుమీకి ఇంటికొచ్చినంక మా అమ్మ ఆ భుజానికి ఆముదం రాసేది. దీనికి ఆ బాధ లేదు. స్విచ్ ఏస్తే చిన్న మోటరు డయాఫ్రంను, అంటే పల్చటి రబ్బరు పొరను ఊపుతది, అది మందును తోస్తది. గన్ను వదిలితే పైపుల ప్రెషర్ పెరిగి మోటరు దానంతట అదే ఆగుతది. చేను ఎదిగినంక ఎకరానికి పది పన్నెండు ట్యాంకులు పడ్తయి. చేతిపంపుతోని అయితే నాకు రోజుకు ఎకరం కూడా తెమిలేది కాదు.

బ్యాటరీ 12 వోల్టులు, 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్), లెడ్ యాసిడ్ రకం. ఇప్పుడు మూడోది నడుస్తున్నది. మొదటిది పాడైంది నా తప్పుతోనే. సంక్రాంతికి మూలకు పెట్టి మళ్ల జూన్‌ల తీసిన. ఈ రకం బ్యాటరీని చార్జింగ్ లేకుండ నెలల తరబడి ఉంచితే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఇగ కరెంటు పట్టదు. నెలకోసారి చార్జింగ్ పెట్టాలె.

ట్యాంకు సంగతి చెప్పాలె. నడుమ మీది నుంచి కింది దాకా సన్నటి గీత ఉంటది, చూడుండ్రి. రెండు అచ్చు ముక్కలు కలిసిన జాగ అది. కరిగిన ప్లాస్టిక్‌ను గొట్టం లెక్క దింపి, రెండు దిక్కుల అచ్చు మూసి, లోపలికి గాలి కొడ్తరు. బూర ఊదినట్టే. బూర ఎక్కడ ఎక్కువ సాగుతదో అక్కడ పల్చబడ్తది, ట్యాంకుకైతే అది మూలల కాడ. ఆ మూలలను గుండ్రంగ చేస్తే అంత పల్చబడవు. మా పంపుకు కింది మూలలు చెక్కినట్టు ఉన్నయి. నాలుగో పంటకు కుడి మూల చిట్లింది, మందు వీపు మీదికి కారి మంట లేసింది. ఈ ప్లాస్టిక్‌కు మామూలు గమ్ము అంటదు. ట్యాంకు మంచిగ కడిగిచ్చి, అసుంటి ప్లాస్టిక్‌దే పాత డబ్బా ముక్క కోసి, ఇనుప కడ్డీ కాల్చి కరగబెట్టి అతికిస్తే ఆగింది. లీటర్ల గీతలు కూడా ఆ అచ్చులనే పోసిండ్రు, కానీ వీపుకు కట్టుకున్నోనికి అవి యాడ కనబడ్తయి? అయిపోయిందని మోటరు సప్పుడు మారితేనే తెలుస్తది.

నాకు అన్నిటికన్న కోపం స్క్రూల మీద. డయాఫ్రం కాడ రబ్బరు పోతే, తీగె ఊడితే, ప్రెషర్ స్విచ్ పాయింట్లు కాలి మోటరు టకటక కొట్టుకుంటే, ఏదైనా సరే కింది పెట్టె విప్పాల్సిందే. పెట్టెకు ఎనిమిది స్క్రూలు, ఎనిమిదీ నేరుగ ప్లాస్టిక్‌లకే బిగిస్తయి. నాలుగైదు సార్లు విప్పంగనే మరలు అరిగి స్క్రూ ఉత్తగ తిరుగుతది. ప్లాస్టిక్ పోసేటప్పుడే లోపల మరలున్న చిన్న ఇత్తడి గుబ్బ అండ్ల కూసోబెడితే ఎన్ని సార్లు విప్పినా ఏం కాదు. అది పెట్టకపోవుడు ఎందుకంటే గుబ్బకు ఖర్చు, దాన్ని ఒక్కొక్కటి పెట్టనీకి టైము. గడియారం సెంటర్ కాడి మెకానిక్ ఒక్క మాటన్నడు: "అన్నా, వాషర్ ఐదు రూపాయలే. దాని కాడికి పోవుడే కష్టం." ఆఖరికి ఆయన స్క్రూలన్నీ తీసేసి ఆర్‌పార్ బోల్టులు ఏసిండు. నాయిన ఇత్తడి పంపు వాషర్ తోలుది, చేను గట్టు మీద ఒక్క పానతోని విప్పి మార్చుకునేది.

చార్జింగ్ సాకెట్ ఇంకో కథ. ట్యాంకు మూతికి సరిగ్గ కిందనే పెట్టిండ్రు. మా ఇంటామె బిందెతోని నీళ్లు పోస్తది. కొంచెం పొర్లినా ధార పోయి సాకెట్‌ల పడ్తది. రెండు మాట్ల తుప్పు పట్టింది. నమూనా గీసినోళ్లు దీన్ని నల్లా పైపుతోని నింపుతరనుకున్నరో ఏమో! ఆమెనే సైకిల్ ట్యూబు ముక్క కోసి దాని మీద మూత లెక్క అతికించింది. అప్పటి నుంచి తుప్పు లేదు.

పట్టీలు సన్నగ ఉన్నయి. నీళ్లు 16 కిలోలు, పంపుదొక ఆరు, భుజం కోస్తది. పాత తువ్వాల చుట్టి కుట్టుకోండి, కొన్న రోజే. నాజిల్ రెండు రకాలు ఇస్తరు, పురుగు మందుకు గుండ్రంగ చిమ్మేది, గడ్డి మందుకు అడ్డంగ విసనకర్ర లెక్క చిమ్మేది. రెండూ ఇప్పటికీ బాగున్నయి.

ఐదుకు మూడు ఇస్త. మొన్న మా బామ్మర్ది ఇంకో కంపెనీది తెచ్చిండు. డబ్బా విప్పంగనే ముందుగాల తలకిందులు చేసి చూసిన. మూలలు గుండ్రంగ ఉన్నయి, స్క్రూ బొక్కలల్ల ఇత్తడి మెరుస్తున్నది. సాకెట్ మాత్రం అక్కడే, మూతి కిందనే ఉన్నది. మా ఇంటామె అప్పుడే అటక మీద పాత ట్యూబు ఎతుకుతున్నది.