బాతు నూగు కంఫర్టర్ మన గోదావరి చెమ్మలో ఏడేళ్ళు వాడాక

మా తమ్ముడు 2018 సంక్రాంతికి అమెరికా నుంచి వస్తూ తెచ్చాడండి ఈ డౌన్ కంఫర్టర్, అంటే బాతు నూగు కూరి కుట్టిన బొంతలాంటి దుప్పటి. సూట్‌కేసులో పట్టాలని గాలి మొత్తం లాగేసి అప్పడంలా నొక్కి తెచ్చాడు, కవర్ కోస్తే ఇంతేనా అనిపించింది, రాత్రంతా మంచం మీద వదిలేస్తే తెల్లారేసరికి పూరీలా పొంగి కూర్చుంది. మా అత్తయ్యగారు చెయ్యి వేసి చూసి హంసతూలికా తల్పం అంటే ఇదేనేమోనే అని తెగ మురిసిపోయారు, లోపలున్నది బాతుల పొట్ట కింద నూగు అని తెలిశాక మాత్రం పూజ గది వైపు తేకు అన్నారు.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ముందే చెప్పేస్తున్నా, ఏసీ లేకపోతే దీని జోలికి పోకండి. ధనుర్మాసం చలికి ఓ మూడు నాలుగు వారాలు ఏసీ లేకుండా పనికొస్తుంది, మిగతా ఏడాదిలో ఎప్పుడు కప్పుకోవాలన్నా మా ఆయన ఏసీ 20లో పెట్టాల్సిందే, కరెంటు పోయిందా ఐదు నిమిషాల్లో అందరం కాళ్ళతో తన్నేస్తాం. కానీ హాయి మాత్రం హాయేనండి, ఒంటి మీద ఉన్నట్టే తెలీదు, పాతచీరల బొంతలు రెండు కప్పుకున్నంత వెచ్చగా ఉంటుంది. లేబుల్ మీద ఫిల్ పవర్ 650 అని ఉంది. అంటే ఒక ఔన్సు నూగు, మన లెక్కలో 28 గ్రాములు, పొంగితే 650 ఘనపు అంగుళాల చోటు పడుతుందని. ఆ పొంగులో ఇరుక్కున్న గాలే వెచ్చదనం. అందుకే నూగుకి జిడ్డు పట్టినా, తడిసినా, ఉండలు కట్టినా పని అయిపోయినట్టే, ఇక అది మామూలు దుప్పటి కూడా కాదు.

మొదటిసారి ఉతికింది 2019 శ్రావణమాసంలో, అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. మా చిన్నది ఓ మూల బూస్టు ఒలకబోసింది. ఆ మూల వరకు లోపలి నూగుని పక్కకి నెట్టి పైగుడ్డ ఒక్కటీ తడిపి తుడిస్తే సరిపోయేది, నేను పోయి మొత్తం ఏడు కేజీల టాప్ లోడ్ మిషన్లో కుక్కాను. లోపలంతా గాలే కదా, బుడగలా పైకి తేలిపోతుంది తప్ప మునగదు, మిషన్ గడగడలాడుతూ నాలుగడుగులు నడిచింది. తీసి తొట్టిలో వేస్తే అప్పుడొచ్చిందండి వాసన, కోతలయ్యాక చేలల్లోకి బాతుల మంద దింపుతారు చూడండి, సరిగ్గా ఆ మంద తడిసి పక్కనుంచి వెళ్తే ఎలా ఉంటుందో అది. ఆ తడిబరువుతోనే తీగ మీద వేశాను. నూగంతా కిందికి జారి ఓ వరస కుట్టు పుట్టుక్కుమంది. సాయంత్రానికి ముసురు పట్టింది, మూడు రోజులు వదల్లేదు. ఇక హాల్లో నాలుగు కుర్చీల మీద పరిచి ఫ్యాను వేసి, రాత్రుళ్ళు బెడ్రూంలో ఏసీ డ్రై మోడ్‌లో పెట్టి మేమంతా హాల్లో పడుకుని, ఉప్మాలో ఉండలు చిదిపినట్టు గుడ్డ పైనుంచే ఒక్కో ఉండా వేళ్ళతో చిదుపుతూ కూర్చున్నాను. ఆరడానికి ఐదు రోజులు. ముక్కిన వాసన పూర్తిగా పోయింది మాత్రం మళ్ళీ వేసవి ఎండకే.

సరే మేలో ఉతుకుదాం అంటే, ఎండ ఉంటుంది గానీ ఏప్రిల్లో కాలవలు కట్టేస్తే జూన్‌లో మళ్ళీ వదిలేదాకా మంచినీళ్ళ చెరువు నీళ్ళే గతి, మా బోరు నీళ్ళేమో ఉప్పన, సబ్బు నురగే రాదు. సంక్రాంతి నెలలో నీళ్ళున్నా మంచు, తొమ్మిదైనా డాబా తడే. చివరికి నాకు దొరికింది శివరాత్రి వెళ్ళాక వచ్చే రెండు మూడు వారాలు. చలి శివశివా అంటూ పోతుంది, దాళ్వా, అంటే రెండో పంట కోసం కాలవలో నీళ్ళుంటాయి, ఎండ గట్టిగా ఉంటుంది. 2021 నుంచి రెండేళ్ళకోసారి అప్పుడే ఉతుకుతున్నాను, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

ఉన్ని బట్టల ఈజీ లిక్విడ్ రెండు మూతలు చాలు. మరకలు తినేసే ఎంజైముల పౌడర్లు వద్దు, నూగు కూడా ప్రోటీనే కదా, దాన్నీ తింటాయి. బ్లీచు, కండిషనర్ అసలొద్దు. అత్తయ్యగారి మాట విని ఒకసారి కుంకుడు రసం వేశాను, శుభ్రంగానే అయింది గానీ తెల్లగుడ్డ కాస్త పసుపుపచ్చగా తిరిగింది. తొట్టిలో కాళ్ళతో నెమ్మదిగా తొక్కి, నురగ పోయేదాకా నాలుగైదు నీళ్ళు మార్చి, పిండకుండా గట్టు మీద పరిచి అరచేతులతో నొక్కడమే. తడిసినదాన్ని లేపడానికి ఇద్దరం కావాలి.

ఆరబెట్టేది నవారు మంచం మీద, కింద నుంచి కూడా గాలి ఆడాలని. గంటకోసారి తిరగేసి రెండు చేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు కొట్టాలి, నాలుగు కొట్టేసరికి బద్ధకమేస్తుంది, అయినా తప్పదు. సాయంత్రం నాలుగు కల్లా లోపలికి. పైన చేత్తో చూస్తే మొదటి రోజే ఆరినట్టుంటుంది, అదే మోసం. తమ్ముడు వదిలేసిన సూట్‌కేస్ తూచే హుక్ కాటా ఉంటే దాంతో తూచడం మొదలుపెట్టాను. ఉతక్కముందు కేజీ తొమ్మిది వందలు. మొదటి సాయంత్రం మూడు కేజీల నాలుగు వందలు, రెండో రోజు రెండుంబావు, మూడో రోజుకి దాదాపు పాత తూకం. అది వచ్చేదాకా బీరువాలో పెట్టను.

రోజువారీ బాధ చాలా తక్కువండి, కాటన్ కవర్ తొడిగి పదిహేను రోజులకోసారి కవరే ఉతుకుతాను. కవర్ జారకుండా పిన్నీసులు మాత్రం పెట్టకండి, నూగు బయటికి రాకుండా పైగుడ్డ బాగా దగ్గరగా నేసి ఉంటుంది, సూది పోటు పడితే అక్కడినుంచే కారుతుంది. ఎప్పుడైనా ఈక ములుకు బయటికి పొడుచుకొస్తే మా చిన్నది లాగేస్తుంది, లాగితే బొక్క పెద్దదవుతుంది, వెనకవైపు నుంచి పట్టుకుని లోపలికి లాక్కుని ఆ చోట వేలితో రుద్దితే మూసుకుంటుంది. వాడనప్పుడు మా ఆయన పాత పంచెలో వదులుగా మూటకట్టి పై అరలో పెడతాను, వానాకాలంలో పదిహేను రోజులకోసారి తీసి గంటసేపు ఫ్యాను కింద. వచ్చినప్పటి ప్లాస్టిక్ సంచీలో ఒక సీజన్ పెట్టి చూశాను, చెమ్మ వాసనా వచ్చింది, పొంగూ తగ్గింది. నాఫ్తలీన్ ఉండలు వేస్తే ఆ కంపు నెల్లాళ్ళు వదల్లేదు.

ఇప్పటికి పొంగు కొత్తలో ఉన్నంత లేదు, కాళ్ళ వైపు కుట్ల మధ్య గళ్ళు రెండు పల్చబడ్డాయి. తమ్ముడు ఈసారి వస్తూ ఇంకోటి తేనా అక్కా అన్నాడు. వద్దురా, కవర్లు రెండు తే చాలు, జిప్పువి, తెల్లవి మాత్రం వద్దు అన్నాను.