సన్‌రూఫ్ అద్దానికి రెండు మార్కులు, దాని కింది గుడ్డకు పది

ఈ కారు మైలేజీ, పికప్, డిక్కీ సైజు గురించి ఏమీ రాయడం లేదు. ఇన్నేళ్లుగా వీధి వీధినా కనిపిస్తున్న బండి, అవన్నీ అందరికీ తెలుసు. నాలుగున్నరేళ్లు, 68,000 కిలోమీటర్లు తిరిగాక నాకు చెప్పాలనిపిస్తున్నది కప్పులో తెరుచుకునే అద్దం, అదే సన్‌రూఫ్, ఒక్కదాని గురించే.

2021 ఆగస్టులో మధ్య వేరియంట్ చాలనుకుని షోరూంకి వెళ్లాను. పిల్లలిద్దరూ పనోరమిక్ సన్‌రూఫ్, అంటే కప్పులో చాలా భాగం అద్దమే, ఉన్న డెమో కారెక్కి దిగమన్నా దిగలేదు. టాప్ వేరియంట్ బుక్ చేసి ఇంటికొచ్చాను. ఏడాది నిండినప్పుడు రాసిన సమీక్షలో "సన్‌రూఫ్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు" అని కూడా రాశాను. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు. పొద్దున ఆరింటికి మన్ననూరు చెక్‌పోస్టు గేటు తీయగానే శ్రీశైలం అడవిలోకి వెళ్లి, కొమ్మలు నెత్తిమీదుగా జరిగిపోతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసిన గంట ఒకటుంది. దానికి వెల కట్టలేను. కాకపోతే అలాంటి గంటలు ఈ నాలుగున్నరేళ్లలో పదో పన్నెండో. మిగతా రోజులన్నీ, ముఖ్యంగా మార్చి నుంచి జూన్ దాకా, అద్దం కింది తెర మూసే ఉంటుంది. మన ఎండలకి అద్దం కప్పున్న కారంటే నెత్తిన పెనం పెట్టుకుని కూర్చోవడమే.

కంపెనీ వాళ్లు రోలర్ బ్లైండ్ అంటారు, మేం తెర అంటాం. బ్రోషర్‌లో దాని ఊసే ఉండదు. కిందటి మే నెలలో మా నలుగురినీ కాపాడింది ఆ గుడ్డే.

ఆదివారం. నూజివీడులో మా అత్తగారింటి నుంచి హైదరాబాద్ తిరిగొస్తున్నాం. డిక్కీ నిండిపోతే రసాల పెట్టె పిల్లల కాళ్ల దగ్గర పెట్టాం. మధ్యాహ్నం రెండున్నర అయివుంటుంది, కోదాడ దాటాం, సూర్యాపేట ఇంకా పాతిక కిలోమీటర్లుంది. ముందు టిప్పర్ లేదు, పక్కన బస్సు లేదు, తొంభై మీద వెళ్తున్నాను. ఉన్నట్టుండి నెత్తిమీద లక్ష్మీబాంబు పేలినట్టు ఢామ్మంది.

టైరు పేలిందనుకుని స్టీరింగ్ బిగించి పట్టుకున్నాను. బండి ఏ పక్కకీ లాగలేదు. అప్పుడు వినిపించాయి మిగతా చప్పుళ్లు. పైన ఎవరో చేటలో బియ్యం చెరుగుతున్నట్టు గలగల, దాని మీద గాలి హోరు. మా ఆవిడ తలెత్తి చూసి "అద్దం పోయిందండీ, అద్దం" అంది. తెర మధ్యలో కిందికి వేలాడుతోంది, పసిపిల్లని పడుకోబెట్టిన చీర ఉయ్యాలలాగా.

ఇక్కడ రెండు తప్పులు జరిగాయి. మొదటిది నాది. కంగారులో బ్రేకు గట్టిగా తొక్కాను. తెర మీది గాజంతా ఒక్క ఊపున ముందుకు జారి, ముందు అంచు సందులోంచి గుప్పెడు నా ఒళ్లో, గుప్పెడు మా ఆవిడ ఒళ్లో పడింది. మెల్లగా ఆపి ఉంటే అదీ పడేది కాదు. రెండోది మావాడిది. బండి ఆగీ ఆగగానే ఏమైందో చూద్దామని వెనక సీట్లోంచి ముందుకు వంగి స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చాడు. మా కార్లో తెరకీ అద్దానికీ ఒకటే స్విచ్, వెనక్కి నొక్కితే ముందు తెరుచుకునేది తెరే. మా ఆవిడ వాడి చేతి మీద ఒక్కటేసింది. వాడు ఏడ్చాడు. ఆ అద్దం పలకంతా ముక్కలై వాడి నెత్తికి జానెడు పైన ఉందని వాడికేం తెలుసు.

ఇది టఫెన్డ్ గ్లాస్. పెద్ద కత్తుల్లా విరగదు, పటికబెల్లం పలుకుల్లా పగులుతుంది. అందుకని ప్రమాదం తక్కువంటారు, నిజమే. కానీ ఆ పలుకులతోపాటు వచ్చే పొడి ఉంటుంది చూడండి, అది చర్మానికి తగిలితే రెండు రోజులు చురచుర. కంట్లో పడితే ఏమయ్యేదో ఆలోచించడం ఇష్టం లేదు. తెర మూసి ఉండటం నా ముందుచూపేమీ కాదు. కోదాడ దగ్గర మా అమ్మాయి "నాన్నా, మాడు కాలిపోతోంది" అని గొడవ చేస్తే మూశాను.

నెమ్మదిగా ముందుకు పోనిస్తే ఓ పంక్చర్ షాపు కనబడింది. షాపతను బయటికొచ్చి పైకి చూసి "రాయి తాకిందా సార్? అద్దం మొత్తం పలిగింది" అన్నాడు. నేను డిక్కీలో ఉన్న ప్యాకింగ్ టేపు తీస్తుంటే నవ్వాడు. "టేపు ఆగది సార్ గాలికి. డోర్లల్ల ఇరికియ్యాలె." షాపులోంచి టార్పాలిన్ తెచ్చాడు. చేతికి గుడ్డ చుట్టుకుని, ఫ్రేమ్ అంచుల్ని పట్టుకుని వేలాడుతున్న గాజు ముక్కల్ని పైనుంచే ఏరేశాడు. టార్పాలిన్‌ని కప్పు మీద పరిచి, రెండు పక్కలా అంచుల్ని తలుపుల లోపలికి మడిచి తలుపులు మూశాడు. అంతే, బిగిసిపోయింది. టార్పాలిన్‌కి 200 తీసుకున్నాడు, పనికి ఎంతిచ్చినా వద్దన్నాడు. యాభై దాటితే పైన పటపటా కొట్టుకునేది కాబట్టి ఇంటికి చేరేసరికి రాత్రయింది. కొర్లపహాడ్, పంతంగి టోల్ గేట్ల దగ్గర జనం కార్లోంచి తలలు బయటపెట్టి మరీ చూశారు. టేపు అతికించి ఉంటే ఆ ఎండకి జిగురు పెయింటుని పట్టుకునేదని తర్వాత డెంటింగ్ షాపతను చెప్పాడు.

రసాల సంగతి చెప్పాలి. పెట్టెలో వరిగడ్డి మధ్య గాజు పలుకులు దొరికాయి. బంగినపల్లి అయితే కడిగి, చెక్కు తీసి కోసుకోవచ్చు. రసం పెదవులకు ఆనించి పీల్చేది. గాజు పొడి అనుమానం పెట్టుకుని ఎవరు పీలుస్తారు? మూడు డజన్లూ పారబోశాం. అత్తయ్యకి ఇప్పటికీ చెప్పలేదు, కాయలు బాగున్నాయనే చెప్పాం.

మర్నాడు సర్వీస్ సెంటర్. పేరు చెప్పను, ఊళ్లో పెద్దదే. వారంటీ అడిగితే "గ్లాస్‌కి ఉండదు సార్, రాయి తగిలి ఉంటుంది" అన్నారు. రాయి ఏదీ తగల్లేదన్నాను. తగలకుండా ఎలా పగులుతుందన్నారు. పగలొచ్చు. టఫెన్డ్ గ్లాస్‌ని బాగా కాల్చి ఒక్కసారిగా గాలితో చల్లారుస్తారు, దాంతో పైపొర బిగుసుకుపోయి లోపలి పొర సాగదీసినట్టు ఉండిపోతుంది. తయారీలో నికెల్ సల్ఫైడ్ నలుసు ఒకటి లోపల మిగిలిపోతే అది ఏళ్ల తరబడి మెల్లగా ఉబ్బుతూ ఏదో ఒకరోజు అద్దాన్ని లోపల్నుంచే పేల్చేస్తుంది. లేదా ఎప్పుడో తగిలిన చిన్న రాయి అంచు మీద కంటికి కనబడని గాటు పెట్టి ఉండొచ్చు, ఆ రోజు ఎండ మిగతాది పూర్తిచేసి ఉండొచ్చు. ముక్కలైపోయాక ఏదని నిరూపిస్తాం? ఎండలో నిలబెట్టిన బండి మీద మా వాచ్‌మన్ చల్లటి పైపు నీళ్లు కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. బాగున్న టఫెన్డ్ గ్లాస్ అంత మాత్రానికి పగలదు గానీ, గాటు పడిన అద్దం సంగతి వేరు. కాబట్టి అద్దం పగిలినందుకు కంపెనీ మీద నాకంత కోపం లేదు.

కోపమంతా ఎస్టిమేట్ మీద. 1,12,000. అద్దానికి కాదు, మొత్తం సన్‌రూఫ్ అసెంబ్లీకి. అద్దం, ఫ్రేమ్, పట్టాలు, మోటర్, తెర అన్నీ కలిపి. "అద్దం ఒక్కటీ విడిగా రాదు సార్" అని సర్వీస్ అడ్వైజర్ కళ్లలోకి చూసి చెప్పాడు. అనుమానం వచ్చి విజయవాడలో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేశాను. వాడు ఆటోనగర్‌లో తెలిసిన స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లి, నా ఛాసిస్ నంబరు కొట్టించి, పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. "బావా, అద్దానికి వేరే పార్ట్ నంబరుంది, వాట్సాప్‌లో పెట్టా చూడు."

ఆ నంబరు చూపిస్తే అడ్వైజర్ మాట మారింది. పట్టాల్లో గాజు పడింది, మోటర్‌కి గ్యారంటీ ఇవ్వలేం, అందుకని అసెంబ్లీ మారిస్తేనే మంచిదన్నాడు. ఇన్సూరెన్స్ ఉంది కదా, మీకేం పోతుంది అన్నట్టుగా. పోయేది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అప్పటికి నాకు 35 శాతం ఉంది, ఆగస్టు రెన్యువల్‌కి 45 కావాల్సింది. ఒక్క క్లెయిమ్‌తో సున్నా.

ఇక్కడే నాకు అదృష్టం కలిసొచ్చింది. బండి ఇన్సూరెన్స్ క్లెయిమ్ 50,000 దాటితే నష్టం లెక్కగట్టే లైసెన్సున్న సర్వేయర్ వచ్చి చూడాలన్నది నియమం. వాళ్లు 45,000 అని రాసుంటే ఫోటోలు చూసి ఎవరో ఆఫీసులో కూర్చుని పాస్ చేసేసేవారు. అత్యాశకి పోయి లక్ష దాటించారు కాబట్టి ఓ పెద్దాయన స్వయంగా వచ్చాడు. తెర మీది గాజుని ముందు వ్యాక్యూమ్‌తో తీయించాడు. పట్టాల్ని బ్రష్షుతో శుభ్రం చేయించి, అప్పుడు స్విచ్ నొక్కమన్నాడు. ఫ్రేమ్ ముందుకీ వెనక్కీ నున్నగా కదిలింది. "మోటర్‌కేమైంది? అద్దం మార్చండి, రబ్బరు మార్చండి" అని రాసి వెళ్లిపోయాడు.

పోయేముందు నన్నో ప్రశ్న వేశాడు, నా గుండె జారింది. పగిలిన అద్దం బండి మీద ఉండగా తీసిన ఫోటో ఏదీ? నేను తీయలేదు. పంక్చర్ షాపతను ఏరేశాక తీసినవే ఉన్నాయి, వాటిలో కప్పుకి కన్నం తప్ప ఏమీ కనబడదు. మా ఆవిడ రోడ్డు పక్కన నిలబడి వాళ్ల పుట్టింటి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టిన వీడియో ఒకటుంది, "చూడండి మా పరిస్థితి" అంటూ. క్లెయిమ్ నిలబడింది ఆ వీడియోతోనే. రసాల మాట తప్ప అందులో అన్నీ ఉన్నాయి.

అద్దం రావడానికి 19 రోజులు పట్టింది. బండి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో టార్పాలిన్ కప్పుకుని పడుకుంది, నేను మియాపూర్ నుంచి మెట్రోలో తిరిగాను. సెల్లార్ లేకపోయుంటే జూన్ మొదటి వానలకి సీట్లు కూడా పోయేవి. బిగించే పని మాత్రం రెండు గంటలే. పగిలింది ముందు పలక, అంటే కదిలేది, దాన్ని స్క్రూలతోనే బిగిస్తారు. వెనకది జిగురుతో అతికించేది, అది పగిలి ఉంటే పని ఇంకా పెద్దది. టెక్నీషియన్ కుర్రాడు బాగా చేశాడు. కప్పుకీ అద్దానికీ ఎత్తు సమానంగా వచ్చేదాకా అరచేత్తో తడిమి తడిమి స్క్రూలు సవరించాడు, తర్వాత స్విచ్ నొక్కిపట్టి మోటర్‌కి కొత్తగా హద్దులు నేర్పించాడు. పైపు పెట్టి నీళ్లు పోయమన్నాను. పది నిమిషాలు పోశాడు, చుక్క దిగలేదు.

మొత్తం బిల్లు 43,600. గాజుకి ఇన్సూరెన్స్‌లో పాతదైందని తరుగు కోయరు, రబ్బరుకి, ప్లాస్టిక్‌కి సగం కోస్తారు. అంతకుముందు ఏడాదే రెండు వేలు మిగులుతాయని జీరో డెప్, అంటే ఈ తరుగు కోయకుండా ఉండే అదనపు కవర్, తీసేసిన తెలివి నాది. ఆ సగం, తప్పనిసరిగా మనం భరించాల్సిన 1,000, ఇంకా చిల్లర ఖర్చులు కలిపి నా జేబులోంచి 3,900 పోయింది. బోనస్ పోయినందుకు ఆగస్టులో దాదాపు 5,000 అదనంగా కట్టాను, మళ్లీ 50 శాతం చేరాలంటే అయిదేళ్లు. అసెంబ్లీ మాట ఎత్తకుండా మొదటే అద్దం ధర ఒక్కటే చెప్పి ఉంటే బహుశా క్లెయిమ్‌కే వెళ్లేవాణ్ని కాదు. బహుశా. నెలాఖరు కాబట్టి వెళ్లేవాణ్నేమో కూడా.

జూలైలో ఇంకో తోక మిగిలింది. వానకి ఎడమవైపు ముందు కార్పెట్ తడిసింది. అద్దం కారుతోందని మళ్లీ టెన్షన్. చూస్తే అద్దం తప్పేమీ లేదు. సన్‌రూఫ్ చుట్టూ పడే నీళ్లు నాలుగు మూలల నుంచి సన్నటి పైపుల్లోంచి కిందికి పోవాలి. ఎడమ ముందు పైపులో గాజు పలుకులూ వేపపూతా కలిసి గట్టిపడి కూర్చున్నాయి. మా వీధిలోని మెకానిక్ పాత స్కూటర్ క్లచ్ కేబుల్ తీగ పెట్టి నెమ్మదిగా తీశాడు. కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే లోపల పైపు ఊడిపోతుందట.

మళ్లీ కారు కొంటే సన్‌రూఫ్ తీసుకుంటానా అని మా ఆఫీసులో అడుగుతుంటారు. మా పరిస్థితిని బట్టి చెప్పాలంటే, కవర్డ్ పార్కింగ్ ఉంది, పిల్లలు చిన్నవాళ్లు, ఏటా ఆరేడుసార్లు ఊరెళ్తాం, ఇంట్లో ముగ్గురు ఓటేస్తే నా ఓటు చెల్లదు. తీసుకుంటామేమో. అద్దం మూలన టెంపర్డ్ (టఫెన్డ్ అన్నా అదే) అని రాసుందా లామినేటెడ్ అని రాసుందా చూస్తాను. లామినేటెడ్ అయితే ముందు విండ్‌షీల్డ్‌లాగా పగిలినా మధ్యలో ఉన్న పొర ముక్కల్ని పట్టుకునే ఉంటుంది. అద్దం విడిగా దొరుకుతుందా అని కాగితం మీద రాయించుకుంటాను. తెర మాత్రం గుడ్డదే అయినా గట్టిదై ఉండాలి, ఈమధ్య కొన్ని కార్లలో దోమతెరలా పల్చగా ఇస్తున్నారు. ఎండలో రోడ్డు పక్కన పార్క్ చేసేవాళ్లయితే, పెద్దవాళ్లిద్దరే తిరిగేవాళ్లయితే, నా లెక్కలో అవసరం లేదు.

కొత్త అద్దం వేసి పది నెలలైంది. హైవే మీద తెర తీయం, పిల్లలు కూడా అడగడం మానేశారు. ఒక్కటే మిగిలింది, ఎనభై దాటితే ముందు కుడి మూల నుంచి సన్నగా ఈల వినిపిస్తోంది. మా ఆవిడకి వినబడదట. వచ్చే సర్వీసులో ఆ కుర్రాడే ఉంటే చూపించాలి.